మెరైన్ ట్యాంకు సెలైనిటీ కొలవడానికి ఏది నమ్మాలి? – ప్రాజెక్టు డైరీ

ఎక్కడ మొదలైంది

ఇది సముద్రపు నీటి చేపలు, కోరల్స్ పెంచే మెరైన్ ట్యాంకు. ఉన్నది విశాఖపట్నంలో. కొలతల ప్రకారం 300 లీటర్లు. రాళ్లు, ఇసుక పోగా నీళ్లు 250 లీటర్లు. నీటిని చల్లబరిచే చిల్లర్ 26 డిగ్రీలకు పెట్టి ఉంది. సాఫ్ట్ కోరల్స్, రెండు క్లౌన్ చేపలు, ఒక క్లీనర్ రొయ్య ఉన్నాయి. కావాల్సిన సెలైనిటీ, అంటే నీటిలోని ఉప్పుదనం, 35 పీపీటీ (కిలో ఉప్పునీటిలో 35 గ్రాముల ఉప్పు). 34 నుంచి 36 మధ్య ఎక్కడున్నా ఇబ్బంది లేదు, రోజురోజుకీ ఊగకుండా ఉంటే చాలు.

ఒకే కప్పు నీళ్లను నాలుగు పరికరాలతో కొలిస్తే వచ్చిన అంకెలివి (హైడ్రోమీటర్ల అంకె మంచినీటితో పోల్చిన సాంద్రత):

ఊగే ముల్లు ప్లాస్టిక్ హైడ్రోమీటర్: 1.023
గాజు హైడ్రోమీటర్, 26 డిగ్రీల దగ్గర: 1.0258
చేతి రిఫ్రాక్టోమీటర్, ఆర్ఓ నీళ్లతో సున్నా చేశాక: 36 పీపీటీ
కండక్టివిటీ పెన్ను, డబ్బాలోంచి తీసింది తీసినట్టే: 33.4 పీపీటీ

ముల్లు చెప్పిన 1.023ను పీపీటీలోకి మారిస్తే 30.6 దగ్గర తేలుతుంది. దాన్ని నమ్మితే లీటరుకు 4.4 గ్రాముల చొప్పున, 250 లీటర్లకు 1.1 కిలోల ఉప్పు వేయాలి. రిఫ్రాక్టోమీటర్‌ను నమ్మితే ఉప్పు వేయకపోవడమే కాదు, ఏడు లీటర్ల ట్యాంకు నీళ్లు తోడేసి మంచినీళ్లు పోయాలి. నీళ్లు అవే, సలహాలు ఎడ్డెమంటే తెడ్డెం. ఈ తగవు తీరేదాకా ట్యాంకులో ఉప్పు వేయడం, తీయడం రెండూ బంద్.

35 అంటే ఏ పరికరం భాషలో?

ఈ పరికరాల్లో ఏదీ ఉప్పును నేరుగా కొలవదు. హైడ్రోమీటర్లు నీటి బరువును చూస్తాయి, రిఫ్రాక్టోమీటర్ వెలుగు ఎంత వంగిందో చూస్తుంది, పెన్ను కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూస్తుంది. అక్కడినుంచి ఉప్పు లెక్కకు ఎవరి అంచనా వాళ్లది. 35 పీపీటీ సముద్రపు నీటికి ఉండాల్సిన విలువలివి:

సాపేక్ష సాంద్రత, 25 డిగ్రీల నీటితో పోల్చి 25 డిగ్రీల దగ్గర: 1.0264
వక్రీభవన గుణకం, 20 డిగ్రీల దగ్గర: 1.3394 (మంచినీళ్లకు 1.3330)
కండక్టివిటీ, 25 డిగ్రీల దగ్గర: సెంటీమీటరుకు 53 మిల్లీసీమెన్స్

మూడింట్లోనూ ఉష్ణోగ్రత రాయకుండా అంకె రాయడానికి లేదు. 25 డిగ్రీల చుట్టుపక్కల ఒక్క డిగ్రీ పెరిగితే సముద్రపు నీటి సాంద్రత 0.0003 తగ్గుతుంది. ఒక పీపీటీ మార్పు అంటే సాంద్రతలో 0.00075. అంటే హైడ్రోమీటర్ దగ్గర ఒక డిగ్రీ పట్టించుకోకపోతే 0.4 పీపీటీ పోయినట్టే. రిఫ్రాక్టోమీటర్‌లో సవరణ లేకపోతే డిగ్రీకి అర పీపీటీ పోతుంది. కండక్టివిటీ డిగ్రీకి దాదాపు 2 శాతం మారుతుంది కాబట్టి పెన్నులోని థర్మామీటర్ ఒక డిగ్రీ తప్పు చెబితే సెలైనిటీలో 0.7 తేడా వస్తుంది. పెన్ను కొనేవాళ్లు సెలైనిటీ కచ్చితత్వం ఒక్కటే చూసి థర్మామీటర్ కచ్చితత్వాన్ని వదిలేస్తారు. ఆ రెండో అంకే ముందు చూడాల్సింది.

సముద్రశాస్త్రవేత్తలూ ఉప్పును ఆరబెట్టి తూచరు. 1978 నాటి ప్రమాణం ప్రకారం సెలైనిటీ అంటే కండక్టివిటీ నిష్పత్తి: కిలోకు 32.4356 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉన్న ద్రావణం 15 డిగ్రీల దగ్గర ఎంత కరెంటు పారనిస్తుందో, అంతే పారనిచ్చే సముద్రపు నీరు 35. ముందు తెలిసిన ద్రావణం ఉండాలి, ఆ తర్వాతే పరికరం. ఇక్కడా అదే వరస పెట్టుకున్నాం: పరికరాల బేరం పక్కన పెట్టి, మొదట ద్రావణాల పని.

మూడు సీసాలు

ఒకే ఉప్పునీటి సీసాతో నాలుగు పరికరాలనూ సరిచేయొచ్చు అనుకోవడం మామూలు పొరపాటు. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం వగైరా ఉంటాయి. ఉత్త సోడియం క్లోరైడ్ ద్రావణం బరువులో సముద్రపు నీటికి సరిపోయిన చోట వెలుగులో సరిపోదు, వెలుగులో సరిపోయిన చోట కరెంటులో సరిపోదు. అందుకే మూడు వేర్వేరు తూకాలు. ఒక్కో సీసా మొత్తం సరిగ్గా కిలో:

రిఫ్రాక్టోమీటర్ సీసా: 36.5 గ్రా. ఉప్పు, 963.5 గ్రా. నీళ్లు
హైడ్రోమీటర్ సీసా: 37.1 గ్రా. ఉప్పు, 962.9 గ్రా. నీళ్లు
పెన్ను సీసా: 32.9 గ్రా. ఉప్పు, 967.1 గ్రా. నీళ్లు

మూడూ తమతమ పరికరాల దగ్గర "35" కిందే లెక్క. సీసాలు తారుమారైతే ఏమవుతుందో చూడండి. పెన్ను సీసాలోని నీళ్లతో రిఫ్రాక్టోమీటర్‌ను 35కు తిప్పారనుకోండి. వెలుగు లెక్కలో ఆ నీళ్లు సముద్రపు 31.5తో సమానం. ఇక ఆ రిఫ్రాక్టోమీటర్ అసలు 35 ఉన్న నీటిని 38.5 అంటుంది. బజార్లో దొరికే "35 పీపీటీ" సీసాలతోనూ ఇదే చిక్కు. కొన్ని కండక్టివిటీ కోసం చేసినవి, కొన్ని రిఫ్రాక్టోమీటర్ కోసం చేసినవి. లేబుల్ మీద దేనికోసమో రాసి లేకపోతే కొనొద్దు. అసలు సముద్రపు నీటి కూర్పుతోనే చేసినదైతే అన్నిటికీ పనికొస్తుంది.

ఉప్పు: ల్యాబ్ సామాన్ల కొట్టులో దొరికే ఏఆర్ గ్రేడ్ (ల్యాబ్ పరీక్షలకు వాడే స్వచ్ఛమైన) సోడియం క్లోరైడ్, అర కిలో డబ్బా. కల్లుప్పు అసలు పనికిరాదు. అందులో చెమ్మ, మెగ్నీషియం ఎంతున్నాయో ఎవరికీ తెలీదు. మెత్తటి వంట ఉప్పులో కలిపే అయోడిన్ లెక్కలోకి రానంత తక్కువ, దాని గురించి బెంగ అక్కర్లేదు. చెమ్మే శత్రువు. కోస్తా గాలికి తెరిచి పెట్టిన ఉప్పు గంటల్లో బరువెక్కుతుంది. కాబట్టి ఏ ఉప్పయినా ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో చల్లారనిచ్చి, వెంటనే తూచాలి.

నీళ్లు: ఆర్ఓ తర్వాత డీఐ (మిగిలిన అయాన్లనూ తీసేసే ఫిల్టర్) కూడా దాటిన నీళ్లు ఉంటే మంచిది. లేకపోయినా కొంప మునగదు. టీడీఎస్ (కరిగిన లవణాలు, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 40 ఉన్న వంటింటి ఆర్ఓ నీళ్లు వాడినా పడే తేడా 0.04 పీపీటీ.

తక్కెడ: ఇక్కడ కాస్త ఖర్చు పెట్టాలి. గ్రాము మెట్టు ఉన్న వంటింటి తక్కెడ మీద 36.5 గ్రాముల ఉప్పు తూచితే అర గ్రాము అటూ ఇటూ అవుతుంది, అంటే అర పీపీటీ. ఉప్పును మాత్రం 0.01 గ్రాముల మెట్టు ఉన్న చిన్న జేబు తక్కెడ మీద తూచాలి. నీళ్లకు వంటింటి తక్కెడ చాలు. 963లో ఒక గ్రాము తప్పినా సెలైనిటీలో 0.04 మించదు. నీళ్లను కొలజాడీతో పోయకుండా తూకం వేయాలి.

కలిపాక మూత బిగించి, సీసా మొత్తం బరువును లేబుల్ మీద రాసి పెట్టాం. నీళ్లు ఆవిరైపోతే ద్రావణం చిక్కబడుతుంది, కంటికి కనిపించదు. వాడేముందు ఒకసారి, వాడి మూత పెట్టాక ఒకసారి తూచి రాస్తే, మధ్యలో ఎంత ఆవిరైందో తెలుస్తుంది. కిలో సీసాలో 10 గ్రాములు ఆవిరైతే ఒక శాతం చిక్కబడినట్టు, అంటే 0.35 పీపీటీ. అంతవరకూ రానివ్వకుండా పారబోసి కొత్తది కలపాలి.

ఊగే ముల్లు: త్వరగా తేలిపోయింది

హైడ్రోమీటర్ సీసాలోని నీళ్లు పోస్తే 1.0264 చూపించాల్సింది 1.023 దగ్గర ఆగింది. ముల్లును బయటికి తీసి చూస్తే మూలలో తెల్లటి సున్నపు పొర కనిపించింది. ఆ బరువుకు ముల్లు పైకి లేవలేదు. నీళ్లు కలిపిన వెనిగర్‌లో నానబెట్టి కడిగితే ముల్లు 1.025కు వచ్చింది. ముల్లుకు బుడగ అంటుకుంటే తప్పు ఇంకోవైపు పోతుంది. బుడగ ముల్లును లేపి ఎక్కువ చూపిస్తుంది. పరికరం కొద్దిగా వాలినా అంకె మారుతుంది. గుడ్డి కన్నా మెల్ల నయం అనుకుని ప్రయాణాల సంచిలో వేసుకోవచ్చు. ట్యాంకుకు ఉప్పు కలిపే నిర్ణయం దీని మీద తీసుకోకూడదు.

గాజు హైడ్రోమీటర్: నిదానం, కానీ మాట మారదు

మొదట చూడాల్సింది కాడ లోపలి కాగితం మీద రాసిన ఉష్ణోగ్రత. ఇక్కడున్నది 25 డిగ్రీలకు చేసినది. ల్యాబ్ సామాన్ల కొట్లలో 15 డిగ్రీలకు, 15.6కు, 27కు చేసినవి కూడా ఉంటాయి. 15 డిగ్రీలకు చేసిన హైడ్రోమీటర్‌ను 26 డిగ్రీల, 35 పీపీటీ నీటిలో వేస్తే 1.024 దగ్గర చూపిస్తుంది. 1.0264 రావాలని దాన్ని చూస్తూ ఉప్పు వేసుకుంటూ పోతే ట్యాంకు 38కి చేరుతుంది. హైడ్రోమీటర్‌లో లోపమేమీ లేదు, చదివే లెక్క తప్పు.

కొలిచే పద్ధతి ఇలా స్థిరపడింది. 500 మి.లీ. కొలజాడీలో ట్యాంకు నీళ్లు పోయాలి. బుడగలు పోవడానికి కొద్ది నిమిషాలు వదలాలి. హైడ్రోమీటర్‌ను స్పిరిట్‌తో తుడిచి, వేళ్ల జిడ్డు అంటకుండా కాడ పైకొన పట్టుకుని దించాలి. తేలే చోటికి కాస్త పైనే వదలాలి. లోతుగా ముంచితే కాడ పైభాగం తడిసి, ఆ చుక్కల బరువుకు తక్కువ చూపిస్తుంది. మెల్లగా ఒకసారి తిప్పితే అంటుకున్న బుడగలు రాలిపోతాయి. కన్ను నీటిమట్టానికి సమంగా పెట్టి, గాజును అంటుకుని పైకి పాకిన అంచును కాకుండా, అడుగున ఉన్న అసలు నీటిమట్టాన్ని చదవాలి. ఆ అంచును చదివితే 0.0003 దాకా పొరపాటు పడుతుంది. చివరగా జాడీలోని నీటి ఉష్ణోగ్రత రాసుకోవాలి. గదిలో జాడీ ఎంతసేపు ఉంటే అంత వేడెక్కుతుంది, ట్యాంకు థర్మామీటర్ అంకె ఇక్కడ చెల్లదు.

చాలా మెరైన్ హైడ్రోమీటర్ల స్కేలు 1.000 దాకా ఉండదు కాబట్టి మంచినీళ్లతో పరీక్షించడం కుదరదు. 37.1 గ్రాముల సీసా అందుకే. 25 డిగ్రీల దగ్గర అది 1.0264 మీదే నిలిచింది. ట్యాంకు నీటికి వచ్చిన 1.0258ని 26 డిగ్రీల నుంచి 25కు సవరిస్తే 0.0003 కలిసి 1.0261. పీపీటీలో 34.6.

ఈ హైడ్రోమీటర్‌లో బ్యాటరీ లేదు, స్క్రూ లేదు, కాలంతో జారిపోయే భాగమే లేదు. పగలకపోతే, లోపలి కాగితం జారకపోతే, ఏళ్లు గడిచినా అదే చెబుతుంది. కాడ పైకొన దగ్గర కాగితం ఎక్కడుందో గాజు మీద చిన్న గీత పెట్టుకుంటే జారిందో లేదో తెలిసిపోతుంది.

రిఫ్రాక్టోమీటర్: సున్నా దగ్గర అసలు కిటుకు

ఇది రొయ్యల చెరువుల సామాను అమ్మే కొట్టులో కొన్నది. స్కేలు 0 నుంచి 100 పీపీటీ, ఒక పీపీటీ మెట్లు. భీమవరం నుంచి నెల్లూరు దాకా చెరువు గట్ల మీద కనిపించే రకమే. కొట్టులో చెప్పేది ఒకటే మాట: మంచినీళ్లు వేసి సున్నాకు తిప్పితే చాలు. చెరువుకు అది సరైన సలహా. మెరైన్ ట్యాంకుకు కాదు.

ఎందుకంటే ఈ రకంలో చాలావాటికి స్కేలు గీసింది ఉత్త సోడియం క్లోరైడ్ నీటికి. ఏ స్కేలో పట్టుకోవడానికి చిన్న ఉపాయం ఉంది. లోపల చూస్తే ఒక పక్క పీపీటీ, ఇంకో పక్క సాంద్రత ఉంటాయి. 35కు ఎదురుగా 1.025 ఉంటే అది సోడియం క్లోరైడ్ స్కేలు. 1.026కూ 1.027కూ మధ్య ఉంటే సముద్రపు నీటి స్కేలు. ఇక్కడిది మొదటి రకం. దాని మీద అసలు 35 ఉన్న సముద్రపు నీరు 36.5 చూపిస్తుంది. తప్పు నాలుగు శాతం.

10 పీపీటీ చెరువులో నాలుగు శాతమంటే 0.4, రైతుకు అది లెక్క కాదు. 35 దగ్గర అదే నాలుగు శాతం ఒకటిన్నర పీపీటీ అవుతుంది. అందుకని మనం స్క్రూను 36.5 గ్రాముల సీసాతో, 35 గీత మీదికి తిప్పాలి. అలా తిప్పాక ఆర్ఓ నీళ్లు వేస్తే గీత సున్నా కిందికి జారిపోయింది. అలాగే జారాలి. ఇప్పుడీ పరికరం 35 దగ్గర నిజం చెబుతుంది, 10 దగ్గర ఒక పీపీటీకి పైగా తక్కువ చెబుతుంది. దీన్నే చెరువుకూ, తక్కువ ఉప్పులో చేపలకు వైద్యం చేసే క్వారంటైన్ ట్యాంకుకూ వాడాలంటే మళ్లీ సున్నాకు తిప్పుకోవాలి. ఒక స్క్రూతో స్కేలు మొత్తం సరిపోదు.

వాడే తీరు: ప్రిజం మీద ఆర్ఓ నీళ్లు పోసి, మెత్తటి గుడ్డతో పూర్తిగా ఆరేలా తుడవాలి. రెండు మూడు చుక్కలు వేసి, బుడగ లేకుండా మూత దించాలి. ముప్పై సెకన్లు ఆగాలి. కిటికీ వెలుగు వైపు పెట్టి, నీలం తెలుపు కలిసే గీతను చదవాలి. గీత మసకగా ఉంటే ప్రిజం మీద జిడ్డు ఉన్నట్టు, లేదా చుక్కలు చాలనట్టు. ముప్పై సెకన్లు అన్నారు కదా అని మూడు నిమిషాలు ఉంచితే అంచుల్లోంచి ఆవిరై అంకె పైకి పాకుతుంది.

స్క్రూ తిప్పాక ట్యాంకు నీరు 34.5.

ఎండాకాలం నమోదు

ఈ పరికరాల మీద ఉండే ఏటీసీ, అంటే ఉష్ణోగ్రతను దానంతటదే సవరించుకునే ఏర్పాటు, మామూలుగా 10 నుంచి 30 డిగ్రీల వరకే పనిచేస్తుంది. లోపల రెండు లోహాల పట్టీ ఒకటి వేడికి వంగి గీతను జరుపుతుంది. మే నెల మధ్యాహ్నం గది 34 డిగ్రీలు. ట్యాంకు నీరు 26 అయినా లాభం లేదు. రెండు చుక్కలు వేడెక్కిన ప్రిజం మీద పడగానే ప్రిజం వేడికి వచ్చేస్తాయి. పరికరం ఒంటి వేడే లెక్క. పొద్దున ఏసీ గదిలో 34.5 చూపించిన నీరు మధ్యాహ్నం 33కు దిగింది. ట్యాంకులో ఏమీ మారలేదు.

దీనికి రెండు మార్గాలు. ఒకటి, పరికరం, సీసా, నమూనా మూడింటినీ అరగంట ముందు ఏసీ గదిలో పెట్టి అక్కడే కొలవడం. రెండోది ఇంకా మంచిది: కొలిచే ప్రతిసారీ ముందు సీసా నీళ్లు వేసి చూడడం. సీసా నీళ్లు 33.4 చూపిస్తే తప్పు 1.6, తర్వాత ట్యాంకు నీటి అంకెకు అంతే కలపాలి. రెండు నీళ్లకూ వేడి వల్ల వచ్చే తప్పు ఒకేలా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది. స్క్రూ ముట్టుకోనక్కర్లేదు.

డిజిటల్ రిఫ్రాక్టోమీటర్లు 40 డిగ్రీల దాకా సవరించుకుంటాయని తెలిసి వాటినీ పరిశీలించాం. హానా 96822, మిల్వాకీ 887 రెండింటికీ కంపెనీలే ఇచ్చిన కచ్చితత్వం ±2 పీపీటీ. వాటిని సున్నా చేసేది డిస్టిల్డ్ వాటర్‌తోనే. అంకె తెర మీద నేరుగా కనిపిస్తుంది కాబట్టి నమ్మకం ఎక్కువ కలుగుతుంది గానీ, మన అవసరానికి ±2 చాలదు. కొనలేదు.

పెన్ను: వేగం దీనిదే, బుడగ దీనికి బద్ధశత్రువు

మెరైన్ ట్యాంకుల కోసమే చేసిన పెన్నులు 35 పీపీటీ ద్రావణంతో ఒకే చోట క్యాలిబ్రేట్ అవుతాయి. మంచినీళ్ల టీడీఎస్ పెన్నులు, పొలాల ఈసీ (కండక్టివిటీ) పెన్నులు ఇక్కడ పనికిరావు. ఈసీ పెన్నుల్లో చాలావాటి స్కేలు 20 మిల్లీసీమెన్స్ దగ్గర ఆగిపోతుంది, మనకు కావాల్సింది 53. పది రెట్లు పలచన చేసి కొలిచి పదితో హెచ్చిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. పలచనైన కొద్దీ కండక్టివిటీ అదే నిష్పత్తిలో తగ్గదు; హెచ్చించాక 60 దాటి వస్తుంది.

డబ్బాలోంచి తీసినప్పుడు 33.4 చూపించిన పెన్ను, క్యాలిబ్రేట్ చేశాక అదే నీటికి 34.7 చూపించింది. ఇక్కడ జరిగిన పని వరసగా:

20 మి.లీ. క్యాలిబ్రేషన్ ద్రావణం ప్యాకెట్‌ను 25 డిగ్రీల నీళ్లలో కాసేపు ఉంచి ఆ వేడికి తెచ్చాం. కొద్దిగా ద్రావణంతో మొన కడిగి పారబోశాం. మిగతాది సన్నటి కప్పులో పోసి, మొన పూర్తిగా మునిగేలా పెట్టి, పెన్నును వాల్చి అంచుకు రెండు మూడుసార్లు తట్టాం. మొన సందులో ఇరుక్కున్న బుడగ పోవాలంటే వాల్చి తట్టాల్సిందే, నిలువుగా ముంచితే పోదు. ఉష్ణోగ్రత అంకె కదలకుండా నిలిచేదాకా, సుమారు నిమిషం, ఆగాక బటన్ నొక్కాం. వాడిన ద్రావణాన్ని మళ్లీ ప్యాకెట్‌లో పోయకూడదు. తెరిచిన ప్యాకెట్‌ను రేపటికి దాచకూడదు.

క్యాలిబ్రేట్ చేసేటప్పుడు సందులో బుడగ ఉండిపోతే ఆ తప్పు లోపల రాసుకుపోయినట్టే. బుడగ కరెంటుకు అడ్డం కాబట్టి పెన్ను ద్రావణాన్ని తక్కువగా చూస్తుంది, దాన్నే 35 అని నేర్చుకుంటుంది. తర్వాత బుడగ లేకుండా కొలిచిన ప్రతి నీటినీ ఎక్కువ చెబుతుంది. బటన్ నొక్కాక పెన్ను తీసి, తుడిచి, మళ్లీ అదే కప్పులో ముంచి చూడాలి. 34.9–35.1 రాకపోతే మొదటికి రావాలి.

ట్యాంకులో నేరుగా ముంచడం మానేశాం. బుడగలతో నీటి మురికిని తీసే ప్రొటీన్ స్కిమ్మర్ వదిలే సన్నటి బుడగలు మొనకు పట్టి అంకె దిగుతుంది. ఏదైనా పంపు నుంచి కరెంటు లీకవుతుంటే అంకె నిలకడగా ఉండదు. ప్లాస్టిక్ కప్పులో నీళ్లు ముంచి తెచ్చి కొలిస్తే రెండు బాధలూ లేవు. కప్పులో స్థిరంగా, ట్యాంకులో ఊగుతూ కనిపిస్తే పంపులూ హీటరూ ఒక్కొక్కటిగా ప్లగ్ తీసి చూడాల్సిన సమయం వచ్చిందన్నమాట.

వాడాక ఆర్ఓ నీళ్లతో మొన కడగకపోతే ఉప్పు గట్టిపడి వారంలోనే పెన్ను జారడం మొదలవుతుంది.

సముద్రం పక్కనే ఉంది కదా?

బీచ్ నీళ్లు 35 ఉంటాయి, దాంతోనే పరికరం సరిచూసుకోవచ్చు అనే మాట విశాఖలో తరచూ వినిపిస్తుంది. బంగాళాఖాతం పశ్చిమ తీరం ఆ పనికి అసలు తగదు. వానాకాలం తర్వాత గంగ, మహానది, గోదావరి నీళ్లు కలిసి తీరపు పైపొర పలచబడిపోతుంది. అక్టోబర్, నవంబర్‌లలో తీరపు నీరు 30 కిందికి దిగుతుంది. వేసవిలో పెరుగుతుంది. ట్యాంకులో పోయడానికి తెచ్చేవాళ్లు కూడా ప్రతి డబ్బానూ కొలుచుకుని ఉప్పు కలుపుకోవాల్సిందే.

తీర్పు, ట్యాంకు సవరణ

సరిచేశాక మూడు పరికరాలు 34.6, 34.5, 34.7 దగ్గర కలిశాయి. మూడూ వేర్వేరు సూత్రాల మీద, వేర్వేరు ద్రావణాలతో సరిచేసినవి కాబట్టి ఈ ఏకాభిప్రాయానికి విలువ ఉంది. రెండు రిఫ్రాక్టోమీటర్లను ఒకే సీసాతో తిప్పి రెండూ కలిశాయని సంతోషపడితే సీసాలోని తప్పు రెండింట్లోనూ ఉంటుంది.

రోజువారీ పనికి రిఫ్రాక్టోమీటర్ నిలిచింది. ధర తక్కువ, సీసా ఇంట్లో చేసుకోవచ్చు, రెండు చుక్కలు చాలు. ఉప్పునీళ్లు కలిపే డ్రమ్ము దగ్గర పెన్ను. రెండింటికీ అర పీపీటీ కంటే ఎక్కువ తేడా వస్తే గాజు హైడ్రోమీటర్ చెప్పిందే ఖాయం. ఒక్క పరికరమే కొనగలిగేవాళ్లు పెన్నుకు పోకుండా రిఫ్రాక్టోమీటర్, జేబు తక్కెడ కొనుక్కోవాలని మా అభిప్రాయం. క్యాలిబ్రేషన్ ప్యాకెట్లు అయిపోయిన పెన్ను ఆర్నెల్లకే అలంకారంగా మిగిలిపోతుంది.

34.6 నుంచి 35కు వెళ్లడానికి 0.4 × 250, అంటే 100 గ్రాముల పొడి ఉప్పు కావాలి. మెరైన్ సాల్ట్ మిక్స్‌లో స్ఫటికాల్లో కలిసిన నీరు కూడా ఉంటుంది కాబట్టి 110 గ్రాములు తీసుకుని, ఆవిరైన నీటికి బదులు రోజూ పోసే టాప్-అప్ నీళ్లలో కరిగించి రెండు రోజుల్లో పోశాం. ఉప్పు నేరుగా ట్యాంకులో చల్లితే కోరల్ మీద పడిన పలుకు అక్కడ కాల్చేస్తుంది. సవరణ ఎంత పెద్దదైనా రోజుకు ఒక పీపీటీ మించనివ్వకూడదు.

కొత్త నీళ్లకు 20 లీటర్లకు 760 గ్రాములతో మొదలుపెట్టి, పంపు తిప్పుతూ పూర్తిగా తేటపడ్డాకే కొలుస్తున్నాం. నీళ్లలో ఉప్పు పోయాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున చిక్కటి చోట కాల్షియం విరిగి తెల్లగా మిగిలిపోతుంది.

ఇంకో సంగతి నీటిమట్టం. ఫ్యాను గాలికి రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైతే 35 కాస్తా 35.6 అవుతుంది. టాప్-అప్‌కు ముందు ఒకరోజు, తర్వాత ఒకరోజు కొలిచి పరికరం ఊగుతోందని తిట్టుకోవడం దండగ. సంప్‌లో (ట్యాంకుకు అనుబంధంగా ఉండే తొట్టిలో) మార్కరుతో గీత పెట్టి, నీరు ఆ గీత మీద ఉన్నప్పుడే నమూనా తీస్తున్నాం.

మిగిలిన పనులు

నీటిమట్టం తగ్గగానే మంచినీళ్లు వదిలే ఆటో టాప్-అప్ ఫ్లోట్ స్విచ్ ఇంకా బిగించలేదు. ఫ్లోట్ ఇరుక్కుంటే ట్యాంకులోకి ఎన్ని లీటర్ల మంచినీళ్లు పోతాయో లెక్క వేసి, టాప్-అప్ డబ్బాను 10 లీటర్లకు మించకుండా చూడాలి. మొత్తం ఒలికినా సెలైనిటీ 35 నుంచి 33.7 దగ్గర ఆగుతుంది. పెన్ను సీసా తూకంలో 4 గ్రాములు తగ్గింది, మూత వాషర్ మార్చాలి.